పాటలక్క మాట, నా గొంతు

మడికొండలో మా కాలనీ మలుపు దగ్గర పొద్దున్నే కూరగాయల బండి ఆగుతుంది. ఆ బండాయన ముదురు బెండకాయలు అడుగున పెట్టి లేతవి పైన పరుస్తాడు. అందుకే నేను ఒక్కో కాయ తోక విరిచి చూసి గానీ తీసుకోను. ఆ రోజు కూడా అదే పనిలో ఉన్నాను. పక్కనుంచి నా గొంతు వినిపించింది.

నేను నోరు తెరవలేదు. చేతిలో బెండకాయ ఉంది, విరవబోతున్నాను, అంతే. "వద్దనిపిస్తాంది," అంది నా గొంతు. "ఆపరేషన్ వద్దనిపిస్తాంది." తర్వాత ఇంకేమీ లేదు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప. ఆ ఫ్యాను కూడా నాదే. దాని రెక్క ఒకటి వంగి, తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ టక్కు ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

పక్కన ఒక పెద్దావిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. "ఎవరి మాటమ్మా అది?" అని అడిగాను.

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. "దేవుని మాట బిడ్డా. మా ప్రార్థన కూటంల అందరికి వచ్చింది. నీక్కూడ పంపాల్నా?"

బెండకాయలు బండి మీదే వదిలేసి ఇంటికొచ్చాను.

నేను కోచ్‌ని. వరంగల్‌లో ఈ ముక్క చెప్తే చాలు, "ఎంసెట్‌కా, నీట్‌కా?" అంటారు. బోర్డు పెట్టిన మొదటి నెల వచ్చిన ఫోన్లన్నీ హాస్టల్ ఉందా, కూర రోజూ మారుస్తారా అనే. ఒకాయనైతే కూతుర్ని, పెట్టెను, పరుపును తెచ్చి మా గుమ్మంలో దింపాడు. నా పని అది కాదని చెప్పడానికి అరగంట పట్టింది. వెళ్తూ వెళ్తూ, "మరి బోర్డెందుకు పెట్టిన్రు?" అని కసిరి పోయాడు. ఆయన కోపం న్యాయమే.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పదిహేనేళ్ళు మనుషుల్ని ఉద్యోగాల్లో పెట్టుకోవడం, తీసేయడం నా ఉద్యోగం. తీసేసే పని ఒంటికి పడక వదిలేశాను. మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం కాబట్టి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. ఆన్‌లైన్‌లో ఏడాది పాటు లైఫ్ కోచింగ్ అనే ఈ చదువు చదివి, పైగదిలో రెండు కుర్చీలు వేసి కూర్చున్నాను. వచ్చేవాళ్ళకు పేము కుర్చీ, నాకు ప్లాస్టిక్ కుర్చీ. వెనక కిటికీలోంచి చూస్తే అమ్ముడుపోయి ఇంకా కట్టని ప్లాట్లు. హద్దురాళ్ళు వరసగా కనబడతాయి, మనుషులు కనబడరు. మధ్యాహ్నం మూడింటికి ఆ కిటికీ వైపు చూస్తే ఊరంతా లేచి ఎటో వెళ్ళిపోయిందేమో అనిపిస్తుంది.

కోచ్ సలహా ఇవ్వకూడదు. డాక్టరు మందు రాస్తాడు, లాయరు దారి చెప్తాడు, పక్కింటావిడ అడక్కుండానే రెండూ చేస్తుంది. కోచ్ మాత్రం అడగాలి, వినాలి, ఎదుటి మనిషికి లోపల ముందే తెలిసినదాన్ని బయటికి రానివ్వాలి. అందుకు మాకొక పద్ధతి నేర్పారు. వాళ్ళన్న ఆఖరి మాటను తీసుకుని, వాళ్ళ వేగంతో, వాళ్ళ గొంతు ఎత్తులోనే, వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఇచ్చి ఊరుకోవాలి. ఎంతసేపైనా సరే, మనం నోరు విప్పకూడదు.

వినడానికి మాయలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. ఐటీ పార్కులో పనిచేసే ఒకతను వచ్చి, "మా మేనేజర్ నన్ను చూడడు మేడమ్," అన్నాడు. "చూడడు," అన్నాను అతని గొంతులోనే. అతను నేల చూస్తూ కూర్చుని, కాసేపటికి, "నేనే కనబడకుంట తిరుగుతున్ననేమో," అన్నాడు. నేను చెప్పి ఉంటే కొట్టేవాడు. తనే అన్నాడు కాబట్టి మర్నాటినుంచి మీటింగుల్లో ముందు వరసలో కూర్చున్నాడు.

ఈ తిరిగి ఇవ్వడంలో నాకు చెయ్యి తిరిగింది. మరీ ఎక్కువ తిరిగింది. మా ఆయన ఏడిపించేవాడు, "పొద్దటి సంది ఎవరెవరు వచ్చిండ్రో నీ గొంతు ఇంటే చెప్తా," అని. చెప్పేవాడు కూడా. ఎవరైనా నత్తిగా మాట్లాడేవాళ్ళు వచ్చి వెళ్తే రాత్రి అన్నం దగ్గర నా మాట తడబడేది. మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

పాటలక్క మా చర్చి సంఘంలో క్వయర్, అంటే పాటల బృందం, నడిపించేది. స్కూల్లో పాటలు నేర్పే టీచరు. సంఘంలో ఎవరికీ ఆమె పేరుతో పనిలేదు, చిన్నా పెద్దా అందరికీ ఆమె పాటలక్కే. ఆరాధనలో ఆమె గొంతెత్తితే పిల్లల ఏడుపులు ఆగేవి. హసన్‌పర్తిలో చెరువు పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. స్కూల్లో వైస్ ప్రిన్సిపాల్‌గా ఉండమన్నారట, ఒప్పుకోవాలా వద్దా తేలడం లేదని నా దగ్గరికి వచ్చింది. ప్రతి బుధవారం మూడు గంటలకు రమ్మన్నాను.

ఎవరొచ్చినా నేను ఒకటి చెప్పేదాన్ని. "మన మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఇంటికెళ్ళి మళ్ళీ వినండి" అని. మా చదువులో అదీ ఒక భాగమే. పాటలక్క మొదటి రోజే ఫోను బల్ల మీద పెట్టి ఎర్ర బొత్తాం నొక్కింది.

మూడో బుధవారం ఆమె ఉద్యోగం సంగతి ఎత్తలేదు. కొంగు పక్కకు తీసి మెడ చూపించింది. గొంతు కింద నిమ్మకాయంత గడ్డ. పరీక్షలు చేశారు, నెలలోపు తీసేయాలన్నారు, తారీఖు కూడా ఇచ్చారు. తీసేటప్పుడు గొంతు నరానికి తగిలితే మాట మారవచ్చని కూడా చెప్పారు. "నా తాన ఉన్నదే ఈ గొంతు చెల్లె," అంది. కొంగు మళ్ళీ కప్పుకుంది. "ఆపరేషన్ వద్దనిపిస్తాంది."

నేను ఆలోచించలేదు. ఆలోచించకపోవడమే నా పనితనం అనుకునేదాన్ని అప్పట్లో. "వద్దనిపిస్తాంది," అన్నాను, ఆమె నిదానంతోనే. "ఆపరేషన్ వద్దనిపిస్తాంది." అని నోరు మూసుకున్నాను. ఆమెకున్న భయం ఆమెకే వినబడాలని, విని తనే దాన్ని దాటాలని నా లెక్క. ఫ్యాను టక్కు టక్కుమంటోంది. ఆమె కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు కారాయి. కళ్ళు తెరిచేసరికి ఆమె మొహంలో ఒక్క ముడత లేదు. రెండు చేతులూ జోడించి, "వందనాలు చెల్లె," అని ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

నేను నోటుపుస్తకంలో "మంచి సెషన్" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ చింపలేదు. చింపడానికి నాకు హక్కు లేదనిపిస్తుంది.

పాటలక్క మళ్ళీ రాలేదు, ఆపరేషన్ పనుల్లో ఉందనుకున్నాను. తర్వాతి వారం నుంచి స్త్రీల ప్రార్థన కూటంలోని ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, ఒకసారి నలుగురు. మా మెట్ల మీద వరసగా కూర్చునేవారు. ఆడవాళ్ళు నలుగురు ఒకచోట చేరి ఒక్క మాటైనా అనుకోకపోవడం నేనెక్కడా చూడలేదు. వీళ్ళు అనుకునేవారు కాదు. చేతిలో ప్రార్థన చేయించిన చిన్న నూనె సీసాలు పట్టుకుని, పైగది తలుపు వైపే చూస్తూ ఉండేవారు.

లోపలికొచ్చి పేము కుర్చీలో కూర్చుని ఒక్క వాక్యం అనేవారు. "బిడ్డ సంబంధం అక్కడ్నే చేద్దామనిపిస్తాంది." నేను అలవాటుగా తిరిగి ఇచ్చేదాన్ని. ఆ వాక్యం నా నోట్లోంచి రాగానే లేచేవారు. "ఇంకా గంట ఉందమ్మా, మాట్లాడుకుందాం," అంటే, "చాలు బిడ్డా, ఇన్నం కద," అని దండం పెట్టి పోయేవారు. ఒకావిడ గుమ్మం దాటేటప్పుడు నా ప్లాస్టిక్ కుర్చీ చేతిని వేలితో తాకి, ఆ వేలు నుదుటికి అద్దుకుంది. అయినా అడగలేదు. నా పేరు పాకుతోంది కాబోలు అనుకున్నాను, లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. సిగ్గుచేటు, కానీ పడ్డాను.

బెండకాయల బండి దగ్గర గానీ నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి తెలిసినవాళ్ళ ద్వారా ఆ క్లిప్పు తెప్పించుకున్నాను. అర నిమిషం కూడా లేదు. ముందున్నదంతా కత్తిరించేశారు. గడ్డ లేదు, భయం లేదు, ఆమె నన్ను చెల్లె అన్నది లేదు. "వద్దనిపిస్తాంది. ఆపరేషన్ వద్దనిపిస్తాంది," అనే ఒక్క గొంతు, తర్వాత ఫ్యాను, తర్వాత ఏడుపు. మా ఆయనకు వినిపించాను. "ఇది నువ్వు కాదే, పాటలక్క," అన్నాడు. మళ్ళీ పెట్టాను. "ఉండు ఉండు. నువ్వే," అన్నాడు. మూడోసారి విని ఫోను నా చేతిలో పెట్టేశాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు.

నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. కొన్నిసార్లు నా గొంతే, కొన్నిసార్లు ఆమెది. నా గొంతును నేను గుర్తుపట్టలేకపోవడం ఎంత భయంగా ఉంటుందో మాటల్లో పెట్టలేను. వంటింట్లోకెళ్ళి నా పేరు నేనే రెండుసార్లు పైకి అన్నాను, ఎలా వినిపిస్తుందో చూద్దామని. రెండుసార్లూ రెండు రకాలుగా వినిపించింది.

అయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. మా సంఘం పాస్టరుగారు నిదానస్తుడు, ఎవరి మీదా గొంతు లేపడు. ఆ రోజు లేపాడు. "ఆపరేషన్ తారీఖు పోయి పది రోజులైంది, ఎరికేనా? పోలేదామె. నేను ఇంటికి పోయి చెప్పిన, ప్రార్థన చేసుకొని దవాఖానకు పోదాం పా అమ్మా అని. నాకు మాటొచ్చింది అయ్యగారూ, మీరు ఫికర్ చేయకున్రి అన్నది. ఎవరిచ్చిండ్రమ్మా అంటే నీ పేరు చెప్పింది. ఏం చేసినవమ్మా నువ్వు?"

"నేనేం చెప్పలేదయ్యగారూ. ఆమె అన్నదే తిరిగి అన్న."

"ఎందుకన్నవ్?"

ఏడాది చదువు చదివి, సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకున్నదాన్ని, ఆ ఒక్క ప్రశ్న నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. మా వాళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు. చిన్నప్పటినుంచి నేనూ ఆ కూటాల్లోనే పెరిగాను. మనసులో మాట మనం చెప్పకుండా ఎదుటివాళ్ళ నోటివెంట వస్తే అది పైనుంచి వచ్చిందని నమ్ముతాం. అలాంటి మనిషి కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఆమె మాటను ఆమె గొంతుతోనే అప్పజెప్పి, పైగా మౌనం కూడా పాటించాను. ఈ తప్పు వేరే ఊళ్ళో కోచ్ ఎవరూ చేయరేమో. నేను చేశాను.

మర్నాడు హసన్‌పర్తి వెళ్ళాను. మధ్యాహ్నపు ఎండ, వీధిలో పిట్ట లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి నా గొంతు వస్తోంది. వద్దనిపిస్తాంది. ఆగింది. మళ్ళీ వద్దనిపిస్తాంది. తలుపు తోయడానికి చెయ్యి రాలేదు నాకు. లోపల ఇంకొక నేను కూర్చుని ఉన్నానని, తోస్తే అది తలెత్తి చూస్తుందని పిచ్చి భయం పట్టుకుంది. చివరికి, "అక్కా," అని పిలిచాను. ఆ పిలుపుకు లోపలి గొంతు ఆగిపోయింది.

పాటలక్క చిక్కిపోయింది. గడ్డ పెరిగింది, కొంగుతో కప్పినా తెలుస్తోంది. మాట అప్పటికే బొంగురుపోయింది. అయినా మొహం మాత్రం ఆ బుధవారం చూసినట్టే, ఒక్క ముడత లేకుండా. నాకు ఆ మొహాన్ని చూస్తేనే భయమేసింది.

అంతా చెప్పాను. మాకు అలా నేర్పారని, అది ఆమె మాటేనని, దేవుడికీ నాకూ ఆ మాటతో సంబంధం లేదని చెప్పాను. ఫ్యాను సంగతి కూడా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని నా చెయ్యి నిమిరింది. "నీకెరుక లేదు చెల్లె. నీ నోటితోని చెప్పించిండు. చెప్పినోళ్ళకు ఎట్లెరుకైతది?" అంది.

కాదన్నకొద్దీ ఆ క్లిప్పులోని మాటకే బలం పెరుగుతోంది. ఆమె మందుల కాగితాలు టీవీ పక్కన మడిచి ఉన్నాయి. మాట్లాడేటప్పుడు మధ్యలో ఊపిరి అందక ఆగుతోంది. ఈ మనిషి నా వల్ల చచ్చిపోతుంది అనుకున్నాను. నా చేతిలో ఒకే ఒక్కటి ఉంది, దాన్ని వాడకూడదని కూడా నాకు తెలుసు.

వాడాను. కళ్ళు మూసుకున్నాను. ఆమె ఊపిరి విన్నాను, ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ అందుకుంటోందో. ఆ బొంగురు గొంతులోనే, ఆ నిదానంలోనే అన్నాను. "పోదామనిపిస్తాంది. ఆపరేషన్‌కు పోదామనిపిస్తాంది."

ఆమె అనని మాట అది. నేను కల్పించి, ఆమె గొంతు తొడిగి, ఆమె దేవుడి పేరు మీద ఇచ్చాను. ఇచ్చి నోరు మూసుకున్నాను. ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కళ్ళు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది. "సరే," అంది.

వారంలోపు ఆపరేషన్ అయింది. గడ్డ చెడ్డదే. ఇంకొన్నాళ్ళు ఆగితే చేయగలిగింది ఉండేది కాదని డాక్టరు అయ్యగారితో అన్నాడట. ఆమె బతికింది. నరం మాత్రం మిగల్లేదు. పాట పోయింది.

నేను బోర్డు తీసేశాను. స్త్రీల కూటంవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి, మూసిన గేటు బయట కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఫ్యాను మార్పించాను. పైగదిలో రెండు కుర్చీలు మాత్రం అలాగే ఉండిపోయాయి, వాటిని కిందికి దించమని మా ఆయనతో అనడానికి కూడా నాకు మనసొప్పలేదు.

మూడు నెలల తర్వాత ఒక బుధవారం, మూడు గంటలకు, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నేను పైగదిలో బట్టలు మడతపెడుతున్నాను. పాటలక్క తలుపు దగ్గర నిలబడింది. మెడ చుట్టూ పల్చటి మచ్చ. ఏమీ అనకుండా వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మిగిలింది పేము కుర్చీ. అందులో నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే వెనక కిటికీ ఎదురుగా వస్తుందని, హద్దురాళ్ళు తప్ప ఏమీ కనబడవని అప్పుడే తెలిసింది.

"బాగున్నవా చెల్లె?" అంది.

ఎత్తు లేదు, ఒంపు లేదు, ఒకే గీతలో సాగే గొంతు. క్లిప్పులో ఉన్న గొంతు. అప్పుడు అది ఆమెదో నాదో తేలలేదు, ఇప్పుడు అది ఆమె నోట్లో ఉంది.

"మొదటిసారి నా మాట నాకిచ్చినవ్," అంది. "అది నేను సమజ్ చేసుకోలే. తప్పు నాది. రెండోసారి ఇచ్చింది నా మాట కాదు చెల్లె. నేను పాటగత్తెను. ఎవరి శృతి ఎవరిదో నాకు తెల్వదా? నువ్వు నోరు తెరవంగనే తెలిసింది."

"తెలిసీ ఎట్ల పోయినవక్కా?"

బల్ల మీద ఫోను పెట్టలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు నీకేమైందో చెప్పు," అంది.

నేను చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. నీ ప్రాణం కోసం అక్కా, అనాలి. అందరికీ అదే చెప్పుకున్నాను, మా ఆయనకు, అయ్యగారికి. నోరు తెరిచాను. ఆమె ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపు నేను వందమంది ముందు కూర్చుని చూపించిందే, ఇటువైపు నుంచి అది ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఆ చూపు ముందు ఆ అబద్ధం ఆడలేకపోయాను.

"భయమేసిందక్కా," అన్నాను. "నువ్వు చచ్చిపోతవని కాదు. నువ్వు చచ్చిపోతే నా మీదికొస్తదని."

కిటికీ బయట ఏమీ కదలడం లేదు.

"నా మీదికొస్తదని," అంది పాటలక్క, నా నిదానంతోనే. అని నోరు మూసుకుంది.

నేను ఏడవడం మొదలుపెట్టేదాకా ఆమె ఇంకేమీ అనలేదు.